టీవీకి నేను చెప్పిన మాట

మాల్యాద్రి ఆ వీడియో పంపిన పొద్దున నేను కుక్కర్ మూత తీసి, పప్పు ఉడికిందో లేదో అని గరిటెతో నొక్కి చూస్తున్నాను. ఉడకలేదు. నెల్లూరులో మా వీధి కుళాయి నీళ్ళకూ కందిపప్పుకూ రోజూ పేచీయే. అంతలో ఫోన్ మోగింది. మాల్యాద్రి మా మేనత్త కొండమ్మ కొడుకు, నాకంటే పదహారేళ్ళు చిన్నవాడు. ఆత్మకూరు బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. "వదినా, మామ మనూళ్ళో చూపించిన టీవీ కార్యక్రమం దొరికింది. నీళ్ళ గురించి వచ్చినది. నువ్వు మాట చెప్పినావంట గదా, అమ్మ ఇప్పటికీ చెప్తా ఉంటాది. చూడు" అని రాసి, కింద వీడియో పెట్టాడు. నొక్కగానే ఆ కార్యక్రమం మొదట్లో వచ్చే గంటల సంగీతం వినిపించింది. నలభై ఏళ్ళ తర్వాత విన్నా నా ఒళ్ళు దాన్ని గుర్తుపట్టింది. గరిటె పక్కన పెట్టి పొయ్యి ఆపేశాను. సంతోషం కాదు, భయం వేసింది. ఎందుకు భయమో చెప్పాలంటే మా నాయన పెట్టె దగ్గర మొదలుపెట్టాలి.

మాది ఉదయగిరి కొండ కనపడే ఊళ్ళల్లో ఒకటి. నాయన పంచాయతీ ఆఫీసులో వాచ్‌మన్. ఊరికంతటికీ కలిపి ప్రభుత్వం ఒక టీవీ ఇస్తే, దాన్ని కాపాడే పని ఆయన మీద పడింది. పడింది అంటున్నాను గాని, ఆయనే ఎగిరి అందుకున్నాడు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే సాయిబును బతిమాలి దానికి రెండు తలుపుల పెట్టె చేయించాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. బొద్దింకలు చేరతాయని పెట్టె మూలల్లో కలరా ఉండలు వేసేవాడు. తలుపులు తెరిస్తే కొత్త చెక్క వాసన, కలరా ఉండల వాసన, వేడెక్కిన టీవీ వాసన మూడూ కలిసి ముఖానికి కొట్టేవి. ఇప్పటికీ బీరువా తీసినప్పుడు ఆ వాసన వస్తే, ఎవరో ఇంగ్లీషులో మాట్లాడబోతున్నారని నాకు అనిపిస్తుంది.

ఆదివారం సాయంత్రం వచ్చే సినిమాకు ఊరు ఊరంతా విరగబడేది. నాయనకు ఆ సినిమా అంటే చిన్నచూపు. ఆయన ప్రాణమంతా ఆదివారం పొద్దున వచ్చే కార్యక్రమం మీదే. వారానికొక సంగతి చూపించేవాళ్ళు. ఒక వారం నక్షత్రాలు, ఒక వారం పాత రాజుల కోటలు, ఒక వారం బొమ్మలు గీసేవాళ్ళు, ఒక వారం మంచు దేశాలు. మాటలన్నీ ఇంగ్లీషే. నాయనేమో మూడో తరగతిలో బడి మానేసినవాడు. అయినా సరే, ఆ రోజు పెందలాడే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, పాత పంచె ముక్కతో టీవీ అద్దం తుడిచి, ఆఫీసు ముందర నీళ్ళు చల్లి ఈతచాపలు పరిచేవాడు. మా అవ్వ సంగటి కెలుకుతూ ఇంట్లోంచి కేకేసేది. "గుడికి పోయేటప్పుడు గూడా ఇంత శుద్ధం లేదు గదరా నీకు!" "నువ్వూ రామ్మా, లోకమంతా చూపిస్తా ఉండారు, టికెట్టు గూడా లేదు" అనేవాడు ఆయన. అవ్వ వచ్చేది. అత్త వచ్చేది. పనులు లేని ముసలివాళ్ళు పదిమంది వచ్చేవాళ్ళు.

ఇంత చేసి మాట అర్థం కాకపోతే ఏం లాభం? అందుకు నేను. ఆత్మకూరులో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. మా ఊళ్ళో అంత చదువు చదివే ఆడపిల్లను నేనొక్కదాన్నే. శనివారం సాయంత్రం బస్సు దిగేదాన్ని. ఆదివారం పొద్దున టీవీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, "మా సుజా తెలుగులో మాట చెప్తాది, కదలకుండా వినండి" అనేవాడు. నాకేం తెలుసు, నా మొహం! ఆ టీవీ ఆయన ఇంగ్లీషుకూ, మా లెక్చరర్ తెలుగులో చెప్పే ఇంగ్లీషుకూ పొంతనే లేదు. పావు వంతు తెలిసేది. తెలిసిన నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటే నాయన ఒప్పుకునేవాడు కాదు. "ఏందమ్మా ఇది? ఆయన అంతసేపు చెప్తే నువ్వు రెండు ముక్కలతో సరిపెట్టేస్తివి! ఇంకా ఏమో చెప్పినాడు, అది గూడా చెప్పు" అనేవాడు. ఆయన దగ్గర ఉండేది ఒకటే కొలత. టీవీ ఆయన ఎంతసేపు మాట్లాడితే నేనూ అంతసేపు మాట్లాడాలి. తగ్గిందంటే ఊరికి చేరాల్సింది ఏదో నేను మింగేసినట్టు లెక్క. రెండు నెలల్లో ఆ విద్యలో ఆరితేరాను. నాలుగు మాటలు వినడం, మిగతాది కల్పించడం, ఆయన నోరు మూయగానే నేనూ నోరు మూయడం.

మొదట్లో దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఒక వారం ఏదో దేశపు పాత బొమ్మ చూపించారు. కిటికీ పక్కన కూర్చున్న ఆడమనిషి. ఆ బొమ్మ గురించి టీవీ ఆయన చాలాసేపు మాట్లాడాడు. "ఆమె మొగుడు యుద్ధానికి పోయినాడంట. వస్తాడని పద్దెనిమిదేళ్ళు ఆ కిటికీ కాడనే కూర్చుండిందంట" అన్నాను. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇంకో వారం మంచు మీద తప్పటడుగులు వేసే పక్షులు వచ్చాయి. మగపక్షి ఒక్కరోజు కూడా ఆడపక్షిని వదిలి పోదన్నాను. "మీ మామను పిలవాల్సింది, చూసి నేర్చుకుంటాడు" అంది అత్త. అందరూ విరగబడి నవ్వారు. నేను చెప్తే వాళ్ళు ఏడ్చేవాళ్ళు, నేను చెప్తే నవ్వేవాళ్ళు. ఆ వయసులో నాకు అది ఎంత పొంగుగా ఉండేదో దాచి ఏం లాభం? నాయన అయితే టీవీని చూడడం మానేసి నన్నే చూసేవాడు.

అత్త ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేది, ఒళ్ళో మాల్యాద్రిని వేసుకుని. వాడికి అప్పటికి ఏడాది నిండలేదు. వాడికంటే ముందు పుట్టిన రమణమ్మ, నాలుగేళ్ళ పిల్ల, అంతకు ముందు ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. అప్పుడు ఊరంతా చెరువు కట్ట కింద ఉన్న దిగుడు బావి నీళ్ళే తాగేది. ఎండాకాలం వస్తే అడుగున బురద తేలేది. మెట్ల మీద కాళ్ళు కడుక్కునేవాళ్ళు అక్కడే, బిందె ముంచుకునేవాళ్ళూ అక్కడే. "నా బిడ్డను ఆ బావి మింగేసింది" అనేది అత్త. బావి పక్కగా నడవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేది. ఆ ఏడు ఊరికి నీళ్ళ పని ఒకటి మంజూరైంది. ఒకటే. బావి పూడిక తీసి, గోడ కట్టి, పైన మూత వేసి మోటారు పెట్టాలా, లేకపోతే రోడ్డు పక్కన లోతుగా బోరు వేయాలా? ఏది కావాలో ఊరే తేల్చుకోమన్నారు. పెద్దవాళ్ళు బావి అన్నారు. చిన్నపిల్లలున్న ఆడవాళ్ళు బోరు అన్నారు. ముదిరిపోయిన ఆ గొడవ మధ్యలో వచ్చిన ఆదివారం, టీవీలో నీళ్ళ గురించి వచ్చింది.

ఆ రోజు చాపలు చాలలేదు. నాయన నా దగ్గరికి వచ్చి, "ఇది మన గురించే చెప్తా ఉండారు. సుజా, ఒక్క ముక్క వదలొద్దు" అన్నాడు. మొదట భూమిని నిలువుగా కోసినట్టు బొమ్మ వచ్చింది. పైన మట్టి, కింద రాయి, రాతి పగుళ్ళలో నీలం రంగు నీళ్ళు. అంతవరకు నాకు బాగానే తెలిసింది. పైపై నీళ్ళలో రోగాలు తెచ్చే పురుగులుంటాయి, లోతు నీళ్ళలో ఉండవు అన్నాడు. అదే చెప్పాను. "విన్నారా!" అని అత్త గిర్రున వెనక్కి తిరిగి పెద్దవాళ్ళ వైపు చూసింది. అప్పట్లో ఆమె మెడ ఎటు కావాలంటే అటు తిరిగేది. ఆ తర్వాత టీవీ ఆయన 'కానీ' అన్నాడు. ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది. దాని వెనక ఏవో రాళ్ళు, ఎముకలు, పళ్ళు అంటూ పోయాడు. నాకు చిక్కలేదు. అప్పుడే తెర మీద ఒక బడి ముందర వంకర కాళ్ళతో నడిచే పిల్లలు కనపడ్డారు. అచ్చం మా ఊరి పిల్లల్లాగే ఉన్నారు.

"ఆ పిల్లకాయలకు ఏమైందమ్మే?" అని అత్తే అడిగింది. నాయన నా వైపు చూశాడు. అందరూ చూశారు. టీవీ ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. "పోలియో" అన్నాను. "వాళ్ళకు పోలియో అంట అత్తా. బావి నీళ్ళు తాగి అట్ట అయినారంట. లోతు బోర్లు వేసినాక ఆ ఊళ్ళో తగ్గిపోయిందంట. ఎంత లోతుకు పోతే అంత మంచి నీళ్ళంట." ఆయన మాట్లాడినంతసేపూ మాట్లాడాను. ఒక్క క్షణం కూడా తగ్గించలేదు. నాయన తల ఊపాడు.

ఊరి మీటింగు జరిగిన రోజు నేను హాస్టల్లో ఉన్నాను. అవ్వ చెప్పగా విన్నాను. నలుగురిలో నోరు విప్పని నాయన ఆ రోజు లేచి నిలబడ్డాడంట. "చదువుకున్నోళ్ళు చెప్పినారు, మా సుజా వినింది, మీరూ విన్నారు. ఇంకేంది మీకు అనుమానం?" అన్నాడంట. అత్త చంకలో మాల్యాద్రితో ముందుకు వచ్చి, "ఈ బిడ్డను గూడా ఆ బావికే ఇయ్యమంటారా?" అని అడిగిందంట. దాంతో పెద్దవాళ్ళు బోరుకు ఒప్పుకున్నారు. బోరు పడింది. నీళ్ళు తేటగా, తియ్యగా వచ్చాయి. అవ్వ మొదటి రోజే ఆ నీళ్ళతో పప్పు పెట్టి, "ఇట్ట పెడితే అట్ట ఉడికిపాయనే!" అని వీధంతా చెప్పుకుంది. ఆ తర్వాత ఎండాకాలాల్లో మా ఊళ్ళో వాంతులు, విరేచనాలతో ఒక్క పిల్ల కూడా పోలేదు. అది నిజం. అది రాయకపోతే ఇంకోసారి సగం వదిలేసినదాన్నవుతాను.

మాల్యాద్రికి పాలపళ్ళు ఊడి రెండోసారి పళ్ళు వచ్చినప్పుడు వాటి మీద గోధుమరంగు చారలున్నాయి. సరిగ్గా తోముకోవడం లేదని అత్త వాణ్ణి కొట్టేది. బొగ్గుపొడితో తనే తోమేది, చిగుళ్ళు రక్తం కారేదాకా. ఏడెనిమిదేళ్ళకు వాడి మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునేవి. ఆ వయసు పిల్లలు ఊళ్ళో ఇంకా కొందరు అట్లాగే నడిచేవాళ్ళు. పోలియో అనే అనుకున్నారు. ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకుపోయారు, నెల్లూరు డాక్టర్లకు చూపించారు, నూనెలు రుద్దారు. ఆ తర్వాత పెద్దవాళ్ళ వంతు. అత్త మెడ బిగుసుకుపోయింది. పక్కనుంచి పిలిస్తే మనిషంతా తిరిగి చూడాల్సి వచ్చేది. నాయన నడుం వంగిపోయి, తన టీవీ యాంటెనా వైపు తల ఎత్తలేని స్థితికి వచ్చాడు.

చాలా ఏళ్ళకు జీపులో మనుషులొచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు. మళ్ళీ వచ్చి బోరుకు ఎర్రరంగు పూశారు. ఆ రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. అప్పటికి కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్తున్నాను. ఈ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది, ఎముకలను అదే వంచేసింది, ఇంక తాగొద్దు అన్నాడు వాళ్ళలో ఒకాయన. నాయన కర్ర మీద ఆనుకుని, తల ఎత్తలేక ఆయన బూట్ల వైపు చూస్తూ అన్నాడు. "మాకు తెలవదు సార్. టీవీలో నీళ్ళ గురించి అంతా చెప్పినారు గాని, ఈ మాట చెప్పలా. చెప్పుంటే మా సుజా చెప్పుండేది."

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఆ 'కానీ' నా చెవుల్లో మళ్ళీ మోగింది. అనుమానమే, రుజువు లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత రెండేళ్ళకు నాయన పోయాడు. నా మీద ఆయనకున్న నమ్మకం చివరిదాకా అట్లాగే ఉంది. కూతురిగా అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుందో నాకు తెలియదు.

ఆ రుజువు ఇప్పుడు నా ఫోన్లో ఉంది. ఉడకని పప్పు ముందు కూర్చుని మొత్తం చూశాను. నాకు గుండె పగిలింది ఎక్కడంటే, ఆయన గబగబా మాట్లాడనే లేదు. ఎంత నిదానంగా, ఎంత విడివిడిగా చెప్పాడో! మా మొదటి సంవత్సరం పిల్లలకు పెట్టినా అర్థమవుతుంది. ఆ పిల్లలది పోలియో కాదు. లోతు బోర్ల నీళ్ళు తాగి అట్లా అయ్యారు. మేము బోరు వేసుకోబోయే వారంలో ఆ మనిషి మా ఊరి నడిమధ్య నిలబడి ఆగమని చెప్పాడు. నేను పక్కన కూర్చుని వేసుకోమన్నాను.

తర్వాతి ఆదివారం ఊరికి బయలుదేరాను. చెప్పేయాలి అనుకునే వెళ్ళాను. సంగం దాటేదాకా ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. అత్త వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. వీపు వంగి గడ్డం మోకాళ్ళకు దగ్గరగా వచ్చింది. నేను ఎదురుగా నేల మీద కూర్చుంటే తప్ప నా ముఖం ఆమెకు కనపడదు. కొట్టు సెలవు కాబట్టి మాల్యాద్రి ఇంట్లోనే ఉన్నాడు. ఫోన్‌ను చెంబుకు ఆనించి, ఆమెకు కనపడేంత కిందుగా పెట్టాడు. "మాట చెప్పు సుజా, ఆ కాలంలో చెప్పినట్టు" అంది అత్త. ఆమె కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా మెరిశాయి. చెప్పడం మొదలుపెట్టాను. భూమిని కోసిన బొమ్మ వచ్చింది. నీలం నీళ్ళు వచ్చాయి. 'కానీ' వచ్చింది. బడి ముందర పిల్లలు వచ్చారు. నేను ఊపిరి పీల్చుకునే లోపలే అత్త అంది. "వీళ్ళే గదా ఆ పోలియో పిల్లకాయలు? నాకు గుర్తుండాదిలే. ఆ పొద్దు నువ్వు చెప్పబట్టే నేను బోరుకు పట్టుబట్టినాను. లేకపోతే నా మాల్యాద్రి గూడా రమణమ్మ మాదిరే పోయుండేవాడు. కాళ్ళు వంకరైతే ఏంది, మనిషి ఉండాడు గదా!" అని చెయ్యి చాపి నా చెంప తడిమింది.

"అవునత్తా, పోలియో" అన్నాను.

మిగతాదంతా కల్పించాను. టీవీ ఆయన ఆపేదాకా ఆపలేదు. నలభై ఏళ్ళు దాటినా ఆ విద్య నన్ను వదల్లేదు.

సాయంత్రం బస్సుకు మాల్యాద్రి రోడ్డుదాకా వచ్చాడు. మోకాళ్ళు రాసుకుంటూ, రెండు అడుగులకొకసారి ఆగుతూ నడిచాడు. వద్దన్నా వినలేదు. ఎర్రరంగు వెలిసిపోయిన బోరు దగ్గర నిలబడ్డాం. "వదినా, ఇప్పుడు ఫోన్లే మాట చెప్తాయి, తెలుసునా? బొమ్మ కింద తెలుగులో రాసి చూపిస్తాయి. నీకు పంపించే ముందే నేను చదివినాను" అన్నాడు. "మరి ఎందుకురా పంపించావు?" అన్నాను. "నువ్వు చెప్తావేమోనని."

"నా మీద కోపంగా ఉందా?" అని అడిగాను. సిగ్గులేని ప్రశ్న.

"ఉండాది. ఎందుకుండదు? అప్పుడు చెప్పినదానికి కాదు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లవు, నీకేం తెలుసు. ఇందాక చెప్పినావే, దానికి." బస్సు కనపడింది. వాడే చెయ్యెత్తి ఆపాడు. "అమ్మకు నేను చెప్పను వదినా. మాట చెప్పాల్సింది నువ్వు" అని నా సంచి అందించాడు.

బస్సులో కూర్చుని ఆలోచించాను. ఈ కాలంలో ఎవరికీ నాలాంటి పిల్లతో పని లేదు. ఎవరి చేతిలో చూసినా టీవీ ఉంది, అది ఏ భాషలో కావాలంటే ఆ భాషలో చెప్తుంది. అప్పుడు ఒక ఊరికి ఒకే పెట్టె, ఒకే నోరు. ఆ నోటిని మా నాయన నమ్మినట్టు ఇప్పుడు ఎవరూ దేన్నీ నమ్మరు. నమ్మకపోవడమే మేలేమో. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం నాకు లేదని రెండుసార్లు తేలిపోయింది కాబట్టి ఇది రాస్తున్నాను. అత్తకు చదవడం రాదు. మాల్యాద్రి చదివి వినిపిస్తాడు. ఇక్కడికి వచ్చేసరికి వాడు ఆగి అమ్మ వైపు చూస్తాడని నాకు తెలుసు. ఆగొద్దు మాల్యాద్రీ, చదువు.

అత్తా, ఆ 'కానీ' తర్వాత టీవీ ఆయన చెప్పింది ఇది. కానీ రాతి నేలలున్న చోట లోతు నీళ్ళలో ఇంకో విషం ఉండొచ్చు. అది కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. ఏళ్ళ తరబడి తాగితే పళ్ళకు చారలు వస్తాయి, ఎముకలు వంగిపోతాయి. వంగినవి మళ్ళీ తిన్నగా కావు. కాబట్టి లోతు బోరు నీళ్ళను పరీక్ష చేయించకుండా తాగొద్దు. ఈ బడి ముందర కనపడే పిల్లలు అందరూ పుట్టినప్పుడు తిన్నటి కాళ్ళతోనే పుట్టారు.

అంతే అత్తా. ఆయన మాట్లాడింది అంతే. ఇందులో నా మాట ఒక్కటీ లేదు.